మీకు తెలుసా? కారు పాలిష్ అంటే పూత కాదు... కోత!

కొత్త కారు కొని ఏడాది తిరక్కుండానే బానెట్ మీద సాలెగూడు లాంటి సన్నగీతలు కనిపిస్తాయి. డోర్ల మీద, అద్దాల కింద తెల్లటి నీటి మచ్చలు తేలతాయి. 'ఒకసారి పాలిష్ కొట్టించండి, పోతాయి' అని తెలిసినవాళ్లంతా చెబుతారు. పోతాయి, నిజమే. ఎలా పోతాయి, వాటితో పాటు ఇంకేం పోతుంది అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. కారును షాపుకు తీసుకెళ్లే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు ఇవిగో.

మెరుపంతా రంగులేని పొరదే

కారు ఎరుపుదైనా, నలుపుదైనా వెలుతురును అద్దంలా తిప్పికొట్టేది రంగుపైన ఉండే పారదర్శకమైన పొర. దాన్నే క్లియర్ కోట్ అంటారు. ఫ్యాక్టరీలో ముందుగా కారు బాడీని ద్రావణం నింపిన తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో తుప్పును ఆపే పొర పట్టిస్తారు. దానిమీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ వేస్తారు. చాలా కార్లలో ఈ నాలుగూ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్ల మందమే ఉంటాయి. మిల్లీమీటరుకు వెయ్యి మైక్రాన్లు. ఇక క్లియర్ కోట్ ఒక్కటే చూస్తే 35 నుంచి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక సగటున 70 మైక్రాన్లు ఉంటుంది. ఇంత పలచని పొరే ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకుని కింది రంగు వెలిసిపోకుండా ఏళ్ల తరబడి కాపాడుతుంది.

గుడ్డకు రంగు అంటుతోందా?

పాత అంబాసిడర్‌కో, ప్రీమియర్ పద్మినికో రబ్బింగ్ చేస్తే గుడ్డకు కారు రంగు అంటుకునేది. అప్పట్లో రంగు, మెరుపు రెండూ ఒకే పొరలో ఉండేవి కాబట్టి అది మామూలే. ప్రపంచ వ్యాప్తంగా 1980ల నుంచి రంగు మీద విడిగా క్లియర్ కోట్ వేసే పద్ధతి విస్తరించింది. ఇలాంటి కారును పాలిష్ చేస్తుంటే గుడ్డకు గానీ, ప్యాడ్‌కు గానీ రంగు అంటకూడదు. అంటిందంటే ఆ చోట క్లియర్ కోట్ అరిగిపోయి కింది రంగు తగిలిందని అర్థం. ఇక అక్కడ ఏ పాలిషూ పనిచేయదు, మళ్లీ పెయింట్ వేయించాల్సిందే.

ఆ గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు

దీపం కింద నిలబెడితే బానెట్ మీద వలయాలు వలయాలుగా గీతలు కనిపిస్తాయి. ఎవరో గుండ్రంగా తిప్పి తుడిచారని అనుకుంటాం. అసలు ఆ గీతలు అన్ని దిక్కులకూ, చాలావరకు తిన్నగానే ఉంటాయి. సన్నని గీత వెలుతురును తన పొడవుకు అడ్డదిశలో చెదరగొడుతుంది. అందుకే వేల గీతల్లో దీపపు ప్రతిబింబానికి అడ్డంగా పడినవే మన కంటికి మెరుస్తాయి. మిగిలినవి అక్కడే ఉన్నా కనిపించవు. మెరిసిన ముక్కలన్నీ కలిసి ప్రతిబింబం చుట్టూ వలయాలు కట్టినట్టు అనిపిస్తాయి. మొబైల్ టార్చి వెలిగించి బానెట్ మీదుగా కదిపి చూడండి, వలయాలూ వెంట కదులుతాయి.

నీడలో నున్నగా ఉన్న కారు పెట్రోలు బంకు దీపాల కింద గీతలమయంగా కనిపించడానికీ ఇదే కారణం. నలుపు, ముదురు నీలం కార్లకు గీతలు ఎక్కువ పడతాయన్నది కూడా అపోహే. క్లియర్ కోట్ ఒకటే అయితే తెల్ల కారు మీదా అన్నే పడతాయి. ముదురు రంగు మీద చెదిరిన వెలుతురు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అంతే.

గీసేది గుడ్డ వెనక దాగిన దుమ్ము

మన రోడ్ల దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి. ఇసుకలో ప్రధానంగా ఉండేది క్వార్ట్జ్. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలబద్ద మీద దాని స్థానం 7. కిటికీ అద్దం కాఠిన్యమే ఐదున్నరకు అటూ ఇటూ. క్లియర్ కోట్ అద్దం కూడా కాదు, ఒక రకం ప్లాస్టిక్. పొద్దున్నే పొడిగుడ్డతోనో, డస్టర్‌తోనో కారు దులిపితే ఆ రేణువులు గుడ్డకూ పెయింట్‌కూ మధ్య నలిగి, గుడ్డ వెళ్లిన దారంతా గీసుకుంటూ పోతాయి. దుమ్ము పట్టిన కారును అలాగే వదిలేస్తే పెయింట్‌కు జరిగే నష్టం కన్నా, పొడిగా తుడిస్తే జరిగే నష్టమే ఎక్కువ.

ఒకే బకెట్... పది కార్లు

అపార్ట్‌మెంట్లలో తెల్లవారుజామున కార్లు తుడిచేవారు చాలాచోట్ల ఒక బకెట్ నీళ్లతో, ఒకే గుడ్డతో వరసగా అన్ని కార్లూ తుడిచేస్తారు. మొదటి కారు ఇసుక చివరి కారు దాకా ప్రయాణం చేస్తుంది. ఇందులో తప్పు వారిది కాదు. తక్కువ నీళ్లు, తక్కువ సమయం, తక్కువ జీతం ఇచ్చి ఎక్కువ కార్లు అప్పగించింది మనమే. మీ కారుకు విడిగా రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, రెండు బకెట్లు ఇవ్వండి. ఒక బకెట్‌లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచినీళ్లు. ముందు నీళ్లు పోసి ఇసుకను జార్చేసి, ఆ తర్వాతే గుడ్డ పెట్టమని మర్యాదగా చెప్పండి. పాలిష్ ఖర్చుతో పోలిస్తే ఇది ఏపాటి?

నీటి మచ్చలో ఉండేది సున్నపురాయి

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు కరిగి ఉంటాయి. కారు మీద నిలిచిన చుక్క ఆరేటప్పుడు నీరు, కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతాయి. కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పదార్థం, పెయింట్‌ను పట్టుకుని మిగిలిపోతుంది. గీజరు కాయిల్‌కూ, బాత్‌రూం కుళాయికీ తెల్లగా పేరుకునేదీ ఇదే.

తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. వేరే నీటి వసతి లేనిచోట 600 దాకా అనుమతిస్తుంది. 600 ఉన్న నీటిని 15 లీటర్ల బకెట్‌లో పడితే అందులో 9 గ్రాముల కాఠిన్య లవణాలు ఉన్నట్టు లెక్క. తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఊళ్లలో, కాలనీల్లో కార్లు కడిగేది బోరు నీళ్లతోనే. కాబట్టి కడిగిన కారును ఎండలో ఆరనివ్వడం అంటే మచ్చలను పిలిచి కూర్చోబెట్టడమే. కడగడం పూర్తయిన వెంటనే మెత్తటి పొడి మైక్రోఫైబర్ టవల్‌తో అద్ది నీటిని తీసేయాలి.

మచ్చ ఉంగరంలా ఎందుకుంటుంది?

చుక్క ఆరుతున్నప్పుడు దాని అంచు కదలకుండా పెయింట్‌ను పట్టుకుని ఉంటుంది. అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచువైపు ప్రవహిస్తూ తనలో ఉన్న పదార్థాన్ని అక్కడికి చేరవేస్తుంది. కాఫీ మరక అంచుల్లో నల్లగా ఉండటానికి కారణం ఇదేనని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో నేచర్ పత్రికలో వివరించారు. బానెట్ మీది తెల్లటి ఉంగరాల వెనకా ఇదే ప్రవాహం ఉంటుంది.

నీటిచుక్క భూతద్దమై పెయింట్‌ను కాల్చదు

ఎండలో కారు కడిగితే చుక్కలు భూతద్దాల్లా పనిచేసి పెయింట్‌ను కాలుస్తాయని చాలామంది నమ్ముతారు. చదునైన చోట కూర్చున్న నీటిచుక్క సూర్యకాంతిని కేంద్రీకరించే బిందువు ఆ ఉపరితలానికి ఇంకా కింద ఉంటుంది. కాబట్టి కాలేంత వేడి పైన పుట్టదు. హంగరీ శాస్త్రవేత్తలు 2010లో ఆకుల మీద ఇదే పరీక్షించారు. గాజు గోళీలు ఆకులను కాల్చాయి గానీ, నున్నటి ఆకుల మీది నీటిచుక్కలు కాల్చలేదు. అయినా ఎండలో కడగొద్దన్న సలహా మాత్రం సరైనదే. వేడెక్కిన రేకు మీద నీరు క్షణాల్లో ఆరి లవణాలు అంటుకుపోతాయి, షాంపూ కూడా చారలు కడుతుంది.

ముందు వెనిగర్... తర్వాతే పాలిష్

కొత్త నీటి మచ్చలకు పాలిష్ అక్కర్లేదు. సున్నపురాయి ఆమ్లంలో కరుగుతుంది, వంటింట్లో వాడే తెల్ల వెనిగర్ అందుకు చాలు. సగం వెనిగర్, సగం డిస్టిల్డ్ వాటర్ కలపండి. బ్యాటరీ షాపుల్లో అడిగేటప్పుడు జాగ్రత్త, మనకు కావాల్సింది బ్యాటరీలో పోసే నీరు, యాసిడ్ కాదు. కారు కడిగి, నీడలో రేకు చల్లారాక, తడిపిన గుడ్డను మచ్చ మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచి మెల్లగా తుడవండి. వెంటనే నీళ్లు పోసి కడిగి ఆరబెట్టండి. బాత్‌రూం కడిగే యాసిడ్‌ను మాత్రం కారు దరిదాపులకు రానివ్వకండి.

వెనిగర్‌కు లొంగని మచ్చలూ ఉంటాయి. నీటిలో సిలికా ఉంటే అది ఈ ఆమ్లంలో కరగదు. లవణమంతా పోయినా ఉంగరం ఆనవాలు అలాగే మిగిలితే పెయింటే అక్కడ గుంట పడిందన్నమాట. పాలిష్ అవసరం వచ్చేది ఇదిగో, ఈ దశలోనే.

ప్లాస్టిక్ కవరుతో పరీక్ష

కారు శుభ్రంగా కడిగాక చేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్‌ను మెల్లగా తడిమి చూడండి. కంటికి కనిపించని గరుకు స్పష్టంగా తెలుస్తుంది. బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను, తారు తుంపరలు, ఎగిరొచ్చి పడిన పెయింట్ చుక్కలు అలా అతుక్కుని ఉంటాయి. వీటిని తీయడానికి క్లే బార్ అనే మెత్తటి ముద్ద దొరుకుతుంది. జపాన్‌కు చెందిన తదావో కొదాటే దీనిపై 1990లలో అమెరికా పేటెంట్లు పొందారు. నురగ నీళ్లు చల్లుతూ ఈ ముద్దను పైపైన జరిపితే మురికి దానికి అంటుకుని వచ్చేస్తుంది. కింద పడితే ముద్దను మళ్లీ వాడకూడదు, నేల మీది ఇసుకంతా దానికే ఉంటుంది. ఈ పని చేయకుండా పాలిష్ మొదలుపెడితే ఆ రజను ప్యాడ్ కింద చేరి కొత్త గీతలు పెడుతుంది.

పాలిష్ గీతను పూడ్చదు

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. మంచి పాలిష్ గీత లోపల ఏమీ నింపదు. గీత అడుగు ఎక్కడుందో అక్కడిదాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీస్తుంది. చుట్టూ మట్టం తగ్గేసరికి గీత లేకుండా పోతుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలకకు మెరుపు తెప్పించేదీ ఈ పద్ధతిలోనే. గరుకు రాపిడితో మొదలుపెట్టి అంతకంతకూ సన్నటి రాపిడితో రుద్దుకుంటూ పోతారు. ప్రతి దశా ముందు దశ గీతల్ని చెరిపి అంతకన్నా చిన్న గీతలు పెడుతుంది. కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. మిగిలిన గీతలు అంతకన్నా చిన్నవయ్యేసరికి కంటికి నునుపే తప్ప ఇంకేమీ తెలియదు.

తేడా ఒక్కటే. గ్రానైట్ పలక మందం సెంటీమీటర్లలో ఉంటుంది. మన చేతిలో ఉన్నవి సుమారు 40 మైక్రాన్లు.

కెంపు, నీలాలకు చుట్టం

చాలా కాంపౌండ్లలో, పాలిష్‌లలో రాపిడినిచ్చేది అల్యూమినియం ఆక్సైడ్ పొడి. మోస్ కొలబద్ద మీద దాని కాఠిన్యం 9, వజ్రానికి ఒక్క మెట్టు కింద. కెంపు, నీలం రాళ్లలో ఉండే మూలపదార్థం కూడా ఇదే. వాటికి రంగునిచ్చేది అందులో కలిసిన కొద్దిపాటి ఇతర లోహాలు. కాంపౌండ్ గరుకుగా ఉండి లోతు గీతలను తీస్తుంది. పాలిష్ సన్నగా ఉండి కాంపౌండ్ మిగిల్చిన మసకను తీస్తుంది. సుమారుగా చెప్పాలంటే తేలికపాటి పాలిష్‌కు ఒక మైక్రాను, గట్టి కాంపౌండ్‌కు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు ఖర్చవుతాయి.

మెషిన్లు రెండు రకాలు

రోటరీ మెషిన్ ప్యాడ్‌ను ఒకే ఇరుసు మీద గిరగిరా తిప్పుతుంది. గీతల్ని త్వరగా తీస్తుంది, అంతే త్వరగా వేడి పుట్టిస్తుంది. చేయి తిరగనివారు ఒకేచోట నిలిపితే క్షణాల్లో పెయింట్ కాలిపోతుంది. సరిగ్గా ముగించకపోతే ఎండలో కదిలే నీడల్లాంటి చారలు కనిపిస్తాయి. షాపుల్లో వీటిని హోలోగ్రామ్‌లు అంటారు. డ్యుయల్ యాక్షన్ మెషిన్ ప్యాడ్‌ను తిప్పుతూనే అటూ ఇటూ కదుపుతుంది. ఆ కదలిక మెషిన్‌ను బట్టి 8, 15, 21 మిల్లీమీటర్లుగా ఉంటుంది. దీనిలో వేడి ఒకచోట పేరుకోదు, కొత్తవారికి ఇదే క్షేమం. షాపులో పాలిష్‌కు ఇచ్చేముందు ఏ మెషిన్ వాడతారో అడగడం మీ హక్కు.

అంచుల దగ్గర ప్రమాదం

బానెట్ మడతలు, డోర్ అంచులు, బాడీ డిజైన్‌లో తేలిన రేఖల వద్ద పెయింట్ సహజంగానే పలచగా ఉంటుంది. పైగా మెషిన్ ఒత్తిడంతా ఆ సన్నటి చోటే పడుతుంది. అందుకే మంచి పనివారు మొదలుపెట్టే ముందు ఈ అంచులకూ, ప్లాస్టిక్ భాగాలకూ టేపు అంటిస్తారు. పెయింట్ మందాన్ని మీటరుతో కొలిచి మరీ పని మొదలుపెడతారు. ఈ మీటరు ఇనుప రేకు మీద అయస్కాంత సూత్రంతో, అల్యూమినియం మీద ఎడ్డీ కరెంట్లతో పనిచేస్తుంది. ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు మీటరు పనికిరాదు. పైగా అది చెప్పేది అన్ని పొరల మొత్తమే, క్లియర్ కోట్ ఎంత మిగిలిందో విడిగా చెప్పలేదు. పాత కారు కొనేవారికి మాత్రం ఇది మంచి సాధనం. మిగతా భాగాల కన్నా ఒక డోరు మీద అంకె రెండు మూడు రెట్లు ఎక్కువ వచ్చిందంటే ఆ డోరుకు మళ్లీ పెయింట్ వేశారనో, కింద పుట్టీ ఉందనో అనుమానించవచ్చు.

రెండుసార్లు కడిగితే తిరిగొచ్చే గీతలు

కొన్ని చవక పాలిష్‌లు గీతల్లో నూనెలు, మైనం నింపి వాటిని కనపడకుండా చేస్తాయి. కారు కొత్తదానిలా మెరుస్తుంది. రెండు మూడు సార్లు షాంపూతో కడిగాక పాత గీతలన్నీ మళ్లీ తేలతాయి. పని నిజంగా జరిగిందో లేదో తెలియాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్లు కలిపి పాలిష్ చేసిన చోట తుడవమనండి. నూనెలు పోయి పెయింట్ అసలు స్థితి బయటపడుతుంది. నిజాయతీగా చేసేవారు ఈ పరీక్షకు వెనకాడరు.

వ్యాక్స్ గీతల్ని తీయదు

కారు వ్యాక్స్‌లలో పేరున్నది కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి దీన్ని తీస్తారు. 80 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు, సహజ మైనాల్లో గట్టివాటిలో ఇదొకటి. నీటిని జారుస్తుంది, మెరుపునిస్తుంది. గీతను తీసే శక్తి మాత్రం దానికి లేదు. పాలిష్ పొరను తీస్తే వ్యాక్స్ మిగిలిన పొరను కాపాడుతుంది.

'9హెచ్' అంటే పెన్సిల్

సిరామిక్ కోటింగ్ ప్రకటనల్లో 9హెచ్ కాఠిన్యం అని చూసి, కెంపుతో సమానమైన 9 అనుకుంటారు. అది మోస్ అంకె కాదు. 9హెచ్ పెన్సిల్ మొనతో గీసినా గీత పడదని మాత్రమే దాని అర్థం. ఇసుక దాన్నీ గీస్తుంది. పైగా కోటింగ్ మీద నీరు ఉబ్బెత్తు చుక్కలుగా నిలుస్తుంది. అవి ఎండలో ఆరితే మచ్చలు తప్పవు. కోటింగ్‌కు ముందు గీతలు తీయకపోతే అవి దాని కింద అలాగే బందీ అవుతాయి.

తనంతట తానే మానే పెయింట్

గీత పడితే కొంతకాలానికి తనే పూడుకునే క్లియర్ కోట్‌ను జపాన్ కంపెనీ నిస్సాన్ 2005లో ప్రకటించింది. అందులో సాగే గుణమున్న రెజిన్ ఉంటుంది. వెచ్చదనం తగిలితే అది తిరిగి తన రూపానికి వస్తుంది. సన్నగీతల వరకే ఈ సౌకర్యం, లోతు గీతలకు కాదు. ఇక మ్యాట్ ఫినిష్ కార్లకైతే పాలిష్ అసలే చేయకూడదు. రుద్దిన చోట మెరుపొచ్చి అది శాశ్వత మచ్చగా మిగులుతుంది.

గోరుతో తేల్చండి

గీత మీద గోటిని అడ్డంగా జరపండి. గోరు తట్టుకుంటే ఆ గీత చాలా లోతైంది, పాలిష్‌తో పూర్తిగా తీయబోతే క్లియర్ కోటే పోతుంది. దాన్ని కాస్త మసకబార్చి వదిలేయడమే తెలివైన పని. గోరుకు తగలని గీతలకు కూడా ముందు ఒక జానెడు చోట అన్నిటికన్నా సన్నటి పాలిష్‌తో ప్రయత్నించండి. అది సరిపోకపోతేనే గరుకుది తీసుకోండి. టూత్‌పేస్ట్ చిట్కా జోలికి పోవద్దు. అందులోనూ రాపిడి పొడి ఉంటుంది గానీ, అది పళ్ల కోసం తయారైంది. పెయింట్ మీద మసక మిగల్చవచ్చు.

చివరగా ఒక విన్నపం

పోయిన క్లియర్ కోట్‌ను ఏ పాలిషూ, ఏ వ్యాక్సూ తిరిగి తేలేదు. సర్వీసింగ్‌కు వెళ్లిన ప్రతిసారీ 'రబ్బింగ్, పాలిష్ కూడా చేసేయమంటారా?' అని అడిగితే వెంటనే తలూపకండి. గీతలు నిజంగా ఉన్నాయా, అవి పాలిష్ తప్ప దేనికీ పోనివా అని ముందు టార్చి వేసి చూడండి. పొడిగా తుడవడం మానండి, కడిగిన వెంటనే టవల్‌తో అద్ది నీరు తీసేయండి, నీటి మచ్చలకు మొదట వెనిగర్ వాడండి. ఈ మూడూ పాటించే కారుకు పాలిష్ అవసరం చాలా అరుదుగా వస్తుంది. వచ్చినప్పుడు మాత్రం చవకగా చేసేవారి కన్నా, కొలిచి చేసేవారి చేతికే మీ కారును అప్పగించండి.